టోల్కాంప్ గారి ముందు తలుపు

ఆ వసంతంలో మేము ఎన్ని ఇళ్లకు రెండో వాళ్లమయ్యామో లెక్క పెట్టడం మానేశాను. ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు ఫోన్ చేసి, గొంతు చావుకబురు చెప్పేటంత మెత్తగా చేసుకుని, "అయ్యో మేడమ్, వెంట్రుకవాసిలో తప్పిపోయింది. మీరు రెండో స్థానంలో వచ్చారు" అనేవాడు. బేకరీలో నాతో పనిచేసే యోకె కూడా రెండోదే. వాళ్ల మరిదీ రెండోవాడే. ఒకసారైతే ఒకే ఇంటికి ముగ్గురం రెండో స్థానంలో వచ్చాం. మొదట వచ్చేవాళ్ల మొహం మాత్రం ఎన్నడూ చూసి ఎరగం. పడమటి నగరాల్లో ఫ్లాట్లు అమ్ముకుని మా వైపు వచ్చేవాళ్లని చెప్పుకునేవాళ్లం. ఇల్లు కొనాలంటే ఎవరి ధర వాళ్లు మూసిన కవరులో పెట్టి ఇవ్వాలి, పక్కవాడు ఎంత రాశాడో తెలియదు. గెలిస్తే ఎక్కువ రాసేశామేమోనని ఏడుపు, ఓడితే తక్కువ రాశామని ఏడుపు. మాకు ఎప్పుడూ రెండో ఏడుపే.

అప్పట్లో మేము వోర్‌వెల్డె ఊరి చివర, హాలిడే పార్కులో ఒక కర్ర ఇంట్లో ఉండేవాళ్లం. సెలవులకు వచ్చి వారం గడిపి పోయేవాళ్ల కోసం కట్టిన ఇల్లది. మేము మూడు చలికాలాలు గడిపాం. అక్టోబరు వస్తే అక్కడ ఎవరూ కాపురం ఉండకూడదని మునిసిపాలిటీ వాళ్లు గట్టిగా చెప్పేశారు.

"నాకు విసుగొచ్చింది హెర్మీన్," అన్నాడు మా ఆయన రెమ్కో, ఆ రోజు ఫోన్ పెట్టేశాక. అతను మా వైపు బస్సు నడుపుతాడు. "హాగ్‌లో మా అమ్మ ఫ్లాట్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. ట్రాము నడపడానికి మనుషులు కావాలని రోజూ మొత్తుకుంటున్నారు. అక్టోబరు దాకా చూస్తా. తర్వాత నేను పోతా."

"నేను పోతా ఏంటి? మనం పోతాం అనాలి కదా?"

"నువ్వొస్తానంటే మనం."

నేను పక్క ఊళ్లో పుట్టినదాన్ని. మా అమ్మాయి ఫెన్నా ఇక్కడి బడిలోనే చదువుతోంది. నేను రానని అతనికి తెలుసు, అతను ఉండడని నాకు తెలుసు. ఇల్లు దొరక్కపోతే కాపురం రెండు ముక్కలవుతుందని ఇద్దరికీ తెలుసు. గిన్నెలు గట్టిగా కడిగాను, అంతే.

మర్నాడు బేకరీకి డీనా పెద్దమ్మ వచ్చింది. ఊరందరికీ ఆమె పెద్దమ్మే. చర్చి వెనక సందులో ఎర్ర ఇటుకల ఇల్లు, పెరట్లో రెండు బేరి చెట్లు. ఎప్పుడూ సగం రొట్టే కొంటుంది.

"సన్నగా కొయ్యవే," అంది. "ఇంక నీ దగ్గర ఎన్నాళ్లో కొనన్లే. డూటిన్‌ఖెమ్ వృద్ధాశ్రమంలో గది ఇచ్చారు."

రొట్టె కోసే మిషన్ ఆపేశాను. "మరి ఇల్లు?"

"అమ్మాలి."

నేను కౌంటరు మీదికి వంగి, "పెద్దమ్మా, ఈ మాట ఇంకెవరికీ చెప్పకండి" అన్నాను గుసగుసగా.

"బేకరీలో చెప్పాను కదే. ఇంకెవరికి చెప్పాలి?" అంది. వెనక వరుసలో నిలబడ్డ నలుగురూ గోడ మీద బొమ్మలు చూస్తున్నట్టు నటించారు.

పాపం, ఆమె నా బాధ కనిపెట్టింది. "నువ్వూ మీ ఆయనా వచ్చి చూసుకోండి. నాకిష్టమే. కానీ ముందు టోల్కాంప్‌ని కలిసి రండి. ఆయన ఊఁ అనాలి."

ఎందుకని నేను అడగలేదు. మా ప్రాంతంలో ఇరుగుపొరుగుని నోబర్ అంటాం. అది మనిషికీ మనిషికీ కుదిరే స్నేహం కాదు, ఇంటికీ ఇంటికీ ఉన్న కట్టుబాటు. డీనా పెద్దమ్మ ఇంట్లో ఎవరుంటే వాళ్లు టోల్కాంప్ ఇంటికి మొదటి నోబర్. ఆయన మంచాన పడితే కోళ్లకు మేత వెయ్యాలి, పోతే ఇంటింటికీ వెళ్లి కబురు చెప్పాలి, శవపేటికకు ముందు భుజం పట్టాలి. ఇల్లు చేతులు మారినా ఆ పని మారదు. టోల్కాంప్‌కి ముసలితనం, భార్య పోయింది, పిల్లల్లేరు. కాబట్టి ఆ ఇంట్లోకి ఎవరొస్తారన్నది పెద్దమ్మ కంటే ఆయనకే ముఖ్యం.

రెమ్కోకి చెబితే కాసేపు నోరు తెరుచుకుని చూశాడు. "అంటే ఇల్లు కొంటే ముసలాయన ఫ్రీ అన్నమాట."

"ముసలాయన దొరికితేనే ఇల్లు."

ఆదివారం పొద్దున సైకిళ్ల మీద వెళ్లాం. సన్నగా వాన పడుతోంది. నేను మంచి బూట్లేసుకున్నాను. రెమ్కో చేతిలో పూలకుండీ. గేటు దగ్గర సైకిళ్లకు తాళాలు వేసి తలెత్తేసరికి మా ఆయనగారు తిన్నగా ముందు తలుపు దగ్గరకెళ్లి బెల్లు నొక్కేస్తున్నాడు.

మావైపు ముందు తలుపులోంచి పెళ్లికూతురు లోపలికొస్తుంది, శవం బయటికెళుతుంది. మిగతా జనమంతా, డాక్టరైనా పాస్టరైనా, ఇల్లు చుట్టి వెనక తలుపు తోసుకుని వస్తారు. రెమ్కోకి ఈ సంగతి తెలియక కాదు. కానీ అన్ని నెలలుగా ఏజెంట్ల వెంట ముందు తలుపుల్లోంచి దూరీ దూరీ అతని కాళ్లు వాటంతటవే అటు వెళ్లాయి.

కిటికీ తెర తీసే ఉంది. లోపల టోల్కాంప్ గారు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ మమ్మల్ని చూస్తున్నారు. లేవలేదు. కప్పు కాస్త పైకెత్తి, పక్కకు వంచారు.

"చూశావా, చీర్స్ చెబుతున్నాడు!" అన్నాడు రెమ్కో. మళ్లీ బెల్లు నొక్కాడు.

ఆయన మళ్లీ కప్పెత్తి పక్కకు వంచారు.

"వెనక్కి రమ్మంటున్నారు," అన్నాను. "పద, చుట్టి పోదాం."

అప్పటికే అతని మెడలోంచి చొక్కాలోకి నీళ్లు దిగిపోయాయి. "అడుగు దూరంలో నిలబడ్డాం. లేచి తలుపు తీస్తే అరిగిపోతాడా? వానలో నిలబెట్టి మన మొహం చూస్తూ కాఫీ తాగుతాడా? ఇలాంటి మనిషి శవాన్ని నేను మొయ్యాలా?" పూలకుండీ గుమ్మం ముందు దభీమని పెట్టి సైకిలెక్కి వెళ్లిపోయాడు.

నేను అటు ఇంటి వెనక్కి పోవాలో, ఇటు మొగుడి వెనక పోవాలో తెలియక గేటు దగ్గర నిలబడ్డాను. ఒకడు కుర్చీలోంచి లేవడు, ఒకడు నాలుగడుగులు చుట్టి రాడు. ఇద్దరి మొండితనానికీ మధ్య నా ఇల్లు నలిగిపోతోంది. చివరికి మొగుడి వెనకే పోయాను.

ఇంటికి రాగానే అరిచాను. "ఆ తలుపు నీకు తియ్యాలంటే నువ్వు పెళ్లికూతురివన్నా అవ్వాలి, శవానివన్నా అవ్వాలి! వచ్చే ఆదివారం ఏదవుతావో నువ్వే చెప్పు!"

మరుసటి ఆదివారం అతను ఏదీ కాలేదుగానీ, నా వెనకాలే ఇల్లు చుట్టి వచ్చాడు. వెనక తలుపు తెరిచే ఉంది. వంటింటి కిటికీలో మా పూలకుండీ నీళ్లు పోసి పెట్టి ఉంది.

"ఓహో, డ్రైవరు దారి కనుక్కున్నాడే!" అన్నారు టోల్కాంప్ గారు. "అంత పెద్ద బస్సు తిప్పుతావు, ఇల్లు చుట్టి రావడానికి వారం పట్టిందేం?"

"బెల్లు ముందుంది కదండీ."

"దాని బ్యాటరీ మా ఆవిడ చనిపోయిన ఏడాదే తీసేశాను. కూర్చోండి."

కాఫీ పోశారు. బిస్కెట్ల డబ్బా తెరిచి ఒక్కొక్కరికి ఒక్కటి ఇచ్చి, మూత గట్టిగా పెట్టేశారు. కాఫీతో ఒక్కటే బిస్కెట్, అది మా అందరి ఇళ్లలోనూ ఉన్న పద్ధతే. తర్వాత రెమ్కోని పైనుంచి కిందికి చూశారు.

"నేను పోతే ఏం చేస్తావ్?"

"అంటే... సానుభూతి చెబుతానండి."

"ఎవరికి? ఇక్కడ ఉండేది నేనొక్కణ్ణే కదా!"

రెమ్కో నావైపు చూశాడు. నేను కాఫీ కప్పులోకి చూసుకున్నాను.

"ఇంటింటికీ వెళ్లి చెప్పాలి. వెనక తలుపులోంచి వెళ్లాలి. తర్వాత నన్ను మొయ్యాలి. నేను బరువు, ముందే చెబుతున్నా."

రెమ్కో కాసేపు ఆయన పొట్టవైపు చూశాడు. "అయితే మీరింక బిస్కెట్లు మానెయ్యండి" అన్నాడు.

ఇల్లు పోయిందనుకున్నాను. ముసలాయన మాత్రం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

ఆ పైన రెమ్కో డ్యూటీ దిగాక అటు వెళ్లడం మొదలుపెట్టాడు. ఒకరోజు కోళ్లగూడు తలుపు, ఒకరోజు కాలవలో నాచు. వచ్చాక ఎప్పుడూ తిట్లే. "నేను కంచె మేకులు కొడుతుంటే కుర్చీ వేసుకుని కూర్చుని, వంకర వంకర అంటాడు. వాడి మొహం వంకర!" మర్నాడు మళ్లీ వెళ్లేవాడు. మొదటి బస్సు ఆ సందు పక్క నుంచే పోతుంది కాబట్టి టోల్కాంప్ గారు అతనికి ఇంకో పని కూడా అంటగట్టారు. ముసలాయన పొద్దున లేవగానే కిటికీ తెర పక్కకు లాగుతారు. తెర తీసి ఉంటే బతికున్నట్టు. మూసి ఉంటే బస్సాపి లోపలికి రావాలి.

"మరి పాసింజర్ల సంగతో?" అని అడిగాడట రెమ్కో.

"వాళ్లకు చావులేదా? ఆగుతార్లే" అన్నారట ఆయన.

జూన్‌లో ఒక సాయంత్రం టోల్కాంప్ గారు బ్రాందీలో నానేసిన ఎండుద్రాక్ష సీసా తీసి, చిన్న గ్లాసుల్లో వేసి, చెంచాలిచ్చారు. నోబర్‌గా ఒప్పుకున్నప్పుడే మావాళ్లు అది పెడతారు. డీనా పెద్దమ్మ కూడా వచ్చింది. నా చేతిలో చెయ్యి వేసి, "ఇల్లు మీదేనే" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే వెళ్లి వంటింటి అలమరలు కొలిచాను. ఫెన్నా బేరి చెట్లు కనపడే గది తనదని చెప్పేసింది. రెమ్కో హాగ్ ఊసెత్తడం మానేశాడు. ఆ పది పదిహేను రోజులు నేను మనుషులందరితో మంచిగా ఉన్నాను. యోకె కూడా ఆశ్చర్యపోయింది.

తర్వాత పెద్దమ్మ కొడుకు రోనాల్డ్ ఆమ్స్టెల్‌వేన్ నుంచి కారేసుకుని వచ్చాడు. తెల్ల చొక్కా, మంచి మాటతీరు. అదే నాకు ఒళ్లు మండించింది. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని.

"అమ్మ మీకు మాటిచ్చిందట. అర్థం చేసుకోగలను. కానీ కాగితం మీద లేనిది చట్టం ప్రకారం మాట కాదు కదా. ఏజెంటు ద్వారా పద్ధతిగా చేద్దాం. మీరూ తప్పకుండా పాల్గొనండి."

"పాల్గొనడానికి ఇదేమన్నా పరుగుపందెమా? మీ అమ్మగారు నా చేతిలో చెయ్యి వేశారు!"

"అమ్మకి వయసైపోయింది," అన్నాడు అతను. పెద్దమ్మ పక్కనే కూర్చుని టేబుల్ గుడ్డ మీద లేని మరకను గోటితో గీకుతోంది. తలెత్తలేదు.

తోటలో అమ్మకం బోర్డు పాతారు. మేము మా శక్తికి మించి రాసిచ్చాం. ఫోన్ వచ్చినప్పుడు నేను రొట్టెలు సర్దుతున్నాను. "అయ్యో మేడమ్..." అని మొదలుపెట్టాడు ఏజెంటు.

"రెండోది," అన్నాను. "మిగతాది నాకొచ్చు." ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న రొట్టెను నేలకేసి కొట్టాను. అది మంచి రొట్టె. యోకె వంగి తీసింది. ఆమ్స్టర్‌డామ్ దంపతులట. శనాదివారాలు వచ్చి పోవడానికి కొనుక్కున్నారట.

ఆ కబురు టోల్కాంప్ గారికి చెబితే ఆయన మొహం ఎర్రబడింది. "శుక్రవారం వచ్చి ఆదివారం పోయే నోబరా? అయితే నేను శనివారం చూసుకుని చావాలా?" బిస్కెట్ల డబ్బా తెరిచి మా ముందుకు తోశారు. మూత పెట్టలేదు. అది చూసేసరికి నాకు ఏడుపొచ్చింది.

"ఇంక నువ్వు నాకేమీ కావు డ్రైవరూ," అన్నారు. "రావక్కర్లేదు."

"సరే," అన్నాడు రెమ్కో.

రెండు రోజుల్లో అతను హాగ్‌కి ఫోన్ చేసి ట్రాము ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. మేము పోట్లాడుకోలేదు. పోట్లాటకు కూడా కాస్త ఆశ ఉండాలి. పెద్దమ్మ మొహం చెల్లక బేకరీకి రావడం మానేసి, ఆగస్టులో కొడుకు కారులోనే వృద్ధాశ్రమానికి వెళ్లిపోయింది. ఎర్ర ఇల్లు ఖాళీగా ఉంది. నేను అటువైపు సైకిల్ తొక్కడం మానేశాను. నా సామాన్లు ఒక పెట్టెలో, అతని సామాన్లు ఒక పెట్టెలో సర్దడం మొదలుపెట్టాం. ఫెన్నా తన బొమ్మలు ఏ పెట్టెలో పెట్టాలని అడిగితే నేను అతని పెట్టెవైపు, అతను నా పెట్టెవైపు చూశాం.

కిటికీ తెర సంగతి నేను అడగలేదు, అతను చెప్పలేదు. బస్సు ఎటూ ఆ సందు పక్క నుంచే పోతుంది కదా.

సెప్టెంబరులో ఒక పొద్దున బేకరీ ముందు బస్సు ఆగింది. అక్కడ స్టాపు లేదు. అద్దాల వెనక బడిపిల్లలూ, పనులకు పోయేవాళ్లూ కూర్చుని ఉన్నారు. రెమ్కో దిగాడు. ఎప్పుడొచ్చినా షాపు తలుపు తోసుకుని గంట గణగణలాడిస్తూ వచ్చే మనిషి, ఆ రోజు షాపు ముందు నుంచి పక్క సందులోకి నడిచిపోయాడు. నేను చూస్తూనే ఉన్నాను. చేతిలో ఉన్న చిల్లర కౌంటరు మీద పెట్టేశాను. అతను బేకరీ చుట్టూ తిరిగి, వెనక తలుపు తీసి, పిండి బస్తాలూ పొయ్యిలూ దాటుకుని వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"టోల్కాంప్ గారు పోయారు," అన్నాడు. నాకు కాదు, షాపులో ఉన్న అందరికీ.

తర్వాత వెళ్లి బస్సు నడుపుకున్నాడు. డ్యూటీ దిగాక సైకిల్ మీద ఇంటింటికీ తిరిగాడు, అన్నీ వెనక తలుపులే. ఎర్ర ఇంటి కొత్తవాళ్లకు ఇంకా తాళాలే అందలేదు. మొదటి భుజం ఎవరిదని చర్చి దగ్గర నోబర్లు మాట్లాడుకుంటుంటే రెమ్కో వెళ్లి నిలబడ్డాడట. ఇల్లు లేనివాడివి కదా అని ఒకరు అన్నారట. "అది ఆయనకూ తెలుసు," అన్నాడట ఇతను. వాళ్లు జరిగి చోటిచ్చారట.

ముందు తలుపు గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ముందురోజు సాయంత్రం రెమ్కో నూనె పోసి, సుత్తితో తట్టి, నానా తిట్లూ తిట్టి దాన్ని కదిలించాడు. వసంతంలో వానలో నిలబడి తియ్యమని గింజుకున్న తలుపు అది. ఇప్పుడు లోపలినుంచి తనే తీశాడు. ఆరుగురూ పేటికను ఎత్తారు. ముందు ఎడమవైపు మా ఆయన. గుమ్మం దాటాక నాకు మాత్రం వినపడేలా, "బరువే," అన్నాడు. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఆ శనివారం ఇల్లు కడగడానికి వెళ్లాం. అదీ నోబర్ పనే. టోల్కాంప్ గారి అన్న కొడుకు ఫోన్ చేసి, శుభ్రం చేసినందుకు థ్యాంక్స్ చెప్పి, ఇల్లు ఏజెంటుకు ఇస్తున్నానన్నాడు. మీరూ పాల్గొనండి అని కూడా అన్నాడు. నేను బకెట్లో గుడ్డ పిండుతూ ఆ గుడ్డని ఎవరి మెడ అనుకున్నానో చెప్పను. అక్టోబరు ఇంకెంతో దూరం లేదు. హాగ్ ఉద్యోగం సోమవారం మొదలు.

రెమ్కో ముసలాయన కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ముందు తలుపు మీద ఎవరో తట్టారు. కిటికీలోంచి చూస్తే ఒక జంట. ఖరీదైన రెయిన్‌కోట్లు, చేతిలో వైన్ సీసా. తాళాలు నిన్ననే అందాయి కాబోలు, పక్కింటాయన్ని పలకరించడానికి వచ్చారు. ఆయన పోయిన సంగతి కూడా తెలియదు.

నా ఇల్లు కొన్నవాళ్లు. మొదటిసారి చూశాను మొదటి స్థానంలో వచ్చేవాళ్ల మొహం. మామూలు మొహాలే.

రెమ్కో లేవలేదు. వాళ్లవైపు చూస్తూ కప్పు కాస్త పైకెత్తి, పక్కకు వంచాడు.

వాళ్లు సంతోషంగా వైన్ సీసా పైకెత్తి చూపించారు.

"తలుపు తియ్యొచ్చు కదా, వానలో నిలబడ్డారు," అన్నాను.

"ఆ తలుపు అందుకు కాదు," అన్నాడు రెమ్కో. మళ్లీ కప్పు వంచాడు.

ఇంక లాభం లేదని నేనే వెనక తలుపు తీసి, ఇల్లు చుట్టి వెళ్లి, వాళ్లను పిలుచుకొచ్చాను. సంగతి చెబితే ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మంచిదానిలాగే ఉంది, అదీ నాకు చిరాకే. వంటింట్లో కూర్చోబెట్టాను.

"మీరు ఆయన కొడుకా?" అని అడిగాడు అతను రెమ్కోని.

"కాదండీ. నోబర్ని."

"ఓ, అయితే మనం పక్కపక్కనే! మీది ఏ ఇల్లు?"

రెమ్కో నావైపు చూడకుండా కాఫీ కలుపుకున్నాడు. అందులో పంచదార కూడా వెయ్యలేదు, ఊరికే కలిపాడు.

"ఇల్లింకా దొరకలేదు," అన్నాడు. "ఉండటం మాత్రం ఇక్కడే."

హాగ్ వెళ్లడం లేదన్న సంగతి నాకు అలా తెలిసింది, నా ఇల్లు కొన్నవాళ్లతో పాటు. ముందు నాకు చెప్పొచ్చు కదా అని కోపమొచ్చింది, ఎక్కడ ఉంటాంరా అని కోపమొచ్చింది, ఆ కోపాలన్నిటి కిందా ఏదో వదులైంది. బల్ల దగ్గరికి జరిగాను. ఎదురుగా బిస్కెట్ల డబ్బా ఉంది. మూత తీసి ఆ వచ్చినాయనకి ఒకటి, ఆవిడకి ఒకటి ఇచ్చి, మూత గట్టిగా నొక్కి పెట్టేశాను.